ఏటి అవతలి సంబంధం

మా ఇంట్లో పెళ్లి మాటలు వచ్చినప్పుడల్లా ఒక పాత మాట అడ్డం పడేది. "ఏటి అవతలికి పిల్లనియ్యొద్దు." అది మా అవ్వ మాట. అవ్వ పోయి ఇరవై ఏళ్లు దాటింది, మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పోయినేడు మా పాపకు రాయచూరు నుంచి సంబంధం వచ్చినప్పుడు చిన్నాయన ఫోన్ చేసి మొదట అన్నది అదే.

"వంతెన ఉంది కదా చిన్నాయనా, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం" అన్నాను.

"ఉంటే ఉందిలేమ్మా. మీ అవ్వ ఊరికే అనలేదు" అన్నాడు.

ఊరికే అనలేదని నాకూ తెలుసు. కానీ ఎందుకన్నదో పూర్తిగా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ వారమంతా వంటింట్లో పని చేసుకుంటూ అదే తలపోశాను.

నేను పుట్టింది మాధవరంలో. మంత్రాలయం దగ్గర, తుంగభద్ర ఒడ్డున. ఏటికి ఇవతల మేము, అవతల రాయచూరు సీమ. అవ్వ పుట్టిల్లు అవతలి గట్టునే. మా మిద్దె ఎక్కితే వాళ్ల ఊరి వేపచెట్లు కనిపించేవి. అంత దగ్గర. అయినా అవ్వ పెళ్లై వచ్చినప్పుడు అది వేరే రాజ్యం.

1800లో నిజాం మన దత్త మండలాలను కుంపిణీకి ఇచ్చేశాడు. ఆదోని కూడా అందులోదే. మన్రో దొర కలెక్టరుగా వచ్చింది అప్పుడే. తుంగభద్రకు ఇవతల ఇంగ్లీషు వాళ్లు, అవతల నిజాం. 1948 దాకా అదే సరిహద్దు. అవతల కరోడ్‌గిరి వాళ్లు సుంకం అడిగేవాళ్లు. అవతల చెల్లేది హాలీ సిక్కా. సుమారు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు. అవ్వ చిన్న గుడ్డసంచిలో రెండు రకాల రూపాయలూ వేరువేరుగా ముడి వేసుకునేదట. ఏటికి రెండు పక్కలా సంసారం ఉన్న ఆడదానికి అది మామూలు లెక్క.

ఏరు దాటడానికి ఉన్నది పుట్టి. చూడని వాళ్ల కోసం చెబుతాను. వెదురు బద్దలతో పెద్ద గంప అల్లి, బయట తోలు కప్పుతారు. ఇప్పుడైతే ప్లాస్టిక్ పట్టాలు వేసి తారు పూస్తున్నారు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా లేదు, తిరుగుతూ పోతుంది. పుట్టి నడిపేవాళ్లు ముందు ఒడ్డు వెంబడే దాన్ని ఎగువకు లాక్కుపోయి, అక్కడ నీళ్లలోకి వదులుతారు. ప్రవాహం దిగువకు తోస్తుంటే తెడ్డు వేసుకుంటూ అవతలి రేవులో కలుపుతారు. నేరుగా దాటడమన్నది లేదు.

ఇది ఎంత పాతదో చూడండి. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు వాడు డొమింగో పేయిస్ ఇదే తుంగభద్ర మీద ఆనెగొంది దగ్గర పుట్లను చూసి రాసిపెట్టాడు. పదిహేను ఇరవై మంది పడతారని, ఎప్పుడూ గిర్రున తిరుగుతుంటాయని. అంతకంటే రెండు వేల ఏళ్ల ముందే గ్రీకు వాడు హెరొడోటస్ బాబిలోను నదిలో తోలు కప్పిన గుండ్రటి పడవల గురించి చెప్పాడు. సరుకుతో పాటు ఒక గాడిదనూ ఎక్కించుకునేవాళ్లట. ఊరు చేరాక పడవ విప్పేసి, తోలును గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోయేవాళ్లట. అది చదివి మా పాప పడీపడీ నవ్వింది.

మా అవ్వ కథలో నవ్వు లేదు.

మా సీమలో నాగుల చవితి శ్రావణంలోనే. అవతల పంచమి పండుగ. ఆడపిల్లలు పుట్టింటికి పోయి ఉయ్యాలలూగే పండుగ అదే. తుంగభద్ర నిండుగా పారేదీ ఆ నెలలోనే. ఇంటికి రమ్మని పండుగ పిలుస్తుంది, పోవద్దని ఏరు అంటుంది. అప్పటికింకా డ్యాము లేదు.

అవ్వకు పెళ్లైన నాలుగో ఏడు, 1944లో, ఆ శ్రావణంలో వాళ్లమ్మ పోయింది. అవతలి గట్టు మీద ఎవరో గుడ్డ ఊపి కేకలు వేస్తే ఇవతల రేవులో వాళ్లు విని వచ్చి చెప్పారు. అవ్వ పరిగెత్తింది. నాయన అప్పుడు కడుపులో, ఏడో నెల. పుట్టాయన ఏటిని చూసి, అవ్వను చూసి, "నేను వేయలేనమ్మా" అన్నాడట. కాళ్లు పట్టుకున్నా కదల్లేదు.

రైలు లేదా అని నేనూ అడిగాను ఒకసారి. ఉంది. 1871లోనే మద్రాసు రైలు రాయచూరు దాకా వచ్చేసింది. కానీ బండి కట్టుకుని స్టేషన్ దాకా పోయి, రైలు పట్టుకుని, అవతల దిగి మళ్లీ బండి చూసుకునేసరికి తెల్లారుతుంది. అంతసేపు శవాన్ని ఉంచరు.

సాయంత్రం అవతల ఒడ్డున జనం చీమల్లా కదిలారు. పొగ లేచింది. అవ్వ ఇవతల ఇసుకలో కూర్చుని చూసింది. అంతే. పుట్టాయన్ను ఆమె ఒక్కనాడూ తిట్టలేదు. "వాడు వేసుంటే మీ నాయన లేడు, నువ్వూ లేవు" అనేది.

తర్వాత 1948 వచ్చింది. రజాకార్ల భయంతో అవతలి నుంచి ఎన్నో కుటుంబాలు ఇవతలికి వచ్చాయి. అవ్వ తమ్ముడు రాత్రిపూట పుట్టిలో పిల్లలతో వచ్చి మూడు నెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ సెప్టెంబరులో హైదరాబాదు ఇండియాలో కలిసింది. 1953లో హోస్పేట దగ్గర డ్యాములో నీళ్లు నిలిచాయి. ఒకప్పుడు చెరో గట్టును ఏలిన మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి కట్టిందది. ఆ ఏడే ఆదోని బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలోకి వచ్చింది. డ్యాము వచ్చాక ఎండాకాలం ఏట్లో నడిచి దాటేవాళ్లం. తర్వాత వంతెన కూడా వచ్చింది.

అంతటితో భయం తీరిందనుకున్నాం. 2009 అక్టోబరులో మంత్రాలయం మునిగినప్పుడు ఏరు ఏమిటో మళ్లీ చూశాం. 2020లో అయితే నీళ్లు లేవు, వరద లేదు, వంతెన చక్కగా నిలబడే ఉంది. అయినా లాక్‌డౌన్‌లో రాష్ట్ర సరిహద్దు మూశారు. అవతల మా మేనత్త కూతురికి కాన్పు, ఇవతల వాళ్లమ్మ. ఇద్దరూ వీడియో కాల్‌లో ఏడ్చారు.

అప్పుడు అర్థమైంది. అవ్వ మాట నీళ్ల గురించి కాదు. పుట్టింటి దారి ఎప్పుడూ ఇంకొకరి చేతిలో ఉండటం గురించి. ఒకసారి ఏటి చేతిలో, ఒకసారి సర్కారు చేతిలో, చాలా ఇళ్లలో అత్తమామల చేతిలో.

సంబంధం ఖాయం చేసుకున్నాం. మాటల రోజు అందరి ముందూ ఒక్కటే అడిగాను. "మా పాపకు రావాలనిపించినప్పుడు ఎవరినీ అడక్కుండా రావాలి. ఉద్యోగం మానదు, దాని డబ్బు దాని చేతిలో ఉండాలి." వియ్యపురాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను పంచమికి పుట్టింటికి పోయి పదకొండేళ్లయింది వదినా" అంది.

మొన్న నాగుల చవితికి పాప బస్సులో వచ్చింది. ఒక్కతే కాదు, వాళ్లత్తను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆమె పుట్టిల్లు మా ఎమ్మిగనూరు దగ్గరే. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని, ఒడిబియ్యానికి కావలసినవి కట్టుకుని ముగ్గురం ఆ ఊరికి బయల్దేరాం.