రెండు రేవులు, ఒకే సంవత్సరం

రెండు పల్లపు రేవులకు 1864 కలిసిరాని సంవత్సరం. జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హొసేల నడుమ రైలుమార్గం పూర్తికాగా, శాంటా క్లారా లోయకు ఓడరేవైన అల్విసో వెలవెలబోయింది. నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్నది.

బందరులో సముద్రం నేల మీదికి వచ్చింది. అల్విసోలో నేలే సముద్రమట్టానికి దిగువకు కుంగింది. తోటలకూ పట్టణాలకూ భూగర్భజలాన్ని దశాబ్దాలపాటు తోడివేయడమే అందుకు కారణం. బయటినుంచి నీరు తెచ్చి భూమిలోకి ఇంకించాక, 1970 నాటికి కుంగుబాటు దాదాపు ఆగింది. అయినా దిగిన నేల తిరిగి లేవలేదు. 1983 వరదలో ఊరు మునిగింది.

తుపానును మనిషి ఆపలేడు. కాళ్ల కింది నేలను కాపాడుకోవడం మాత్రం అతని చేతిలో ఉన్న పనే. కరకట్ట చికిత్స అయితే, నేలలో నీటిని నిలుపుకోవడం నివారణ.