తల్లి పందుల పునరుత్పత్తి సమస్యలు

ఆడ పంది ఎదకు రాకపోవడం, చూలు నిలవకపోవడం, ఈసుకుపోవడం, చచ్చిన పిల్లలను ఈనడం, ఈనాక పాలు పడకపోవడం. పశువైద్యంలో వీటన్నిటినీ కలిపి పునరుత్పత్తి సమస్యలు అంటారు. పంది వయసు, ఈతల సంఖ్య, మగ పంది, మేత, సూక్ష్మజీవులు వీటికి ముఖ్య కారణాలు.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణలోని చర్లకు దగ్గరగా ఉన్న పామేడు వైపు కోయ, దొర్ల కుటుంబాలది పెరటి పెంపకం. పందులు పగలంతా ఊరి చుట్టూ తిరుగుతాయి, రాత్రికి దొడ్డి చేరతాయి. తవుడు, కుడితి, ఇప్పసారా కాచగా మిగిలిన పిప్పి వాటికి మేత. ఇలాంటి పెంపకంలో నష్టం కంటికి ఆనదు. పంది ఏ పొదలోనో ఈనుతుంది, చచ్చిన పిల్లలను, మాయను తానే తినేస్తుంది. ‘ఈసారి నాలుగే పెట్టింది’ అని సరిపెట్టుకున్న ఈతలో నిజానికి ఎన్ని పిండాలు పోయాయో ఎవరికీ తెలియదు.

పందికి 21 రోజులకు ఒకసారి ఎద వస్తుంది. చూలు సుమారు 114 రోజులు, అంటే మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. పిండం ఏ వయసులో పోయిందన్నది కారణాన్ని పట్టించే మొదటి ఆధారం. పార్వో వైరస్ దీనికి చక్కటి ఉదాహరణ. ఇది తల్లికి జ్వరం కూడా తేదు. సుమారు 35 రోజుల లోపు పిండానికి సోకితే అది కరిగిపోతుంది. పిండాలన్నీ పోతే పంది లెక్క తప్పి, ఆలస్యంగా ఎదకు వస్తుంది. 35 నుంచి 70 రోజుల మధ్య సోకితే పిండం చచ్చి, గర్భంలోనే ఎండిపోతుంది. 70 రోజులు దాటాక పిండం తానే వైరస్‌ను ఎదుర్కొని బతకగలదు. గర్భకోశంలో వైరస్ ఒక పిండం నుంచి పక్కదానికి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి ఒకే ఈతలో వేలెడంత, జానెడంత ఎండు పిండాలు, బతికిన పిల్లలు కలిసి బయటపడతాయి. ఇంతకుముందు ఈ వైరస్ సోకని తొలిచూలు పందులకే ముప్పు ఎక్కువ.

జపనీస్ మెదడువాపు వైరస్ వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమల ద్వారా వస్తుంది. చూడి పందుల్లో చచ్చిన పిల్లలకు, ఎండిన పిండాలకు ఇదీ కారణమే. ఈ వైరస్ పంది శరీరంలో బాగా పెరిగి, దోమల ద్వారా మనుషులకు చేరుతుంది. పొరుగున ఒడిశాలోని మల్కనగిరిలో 2016లో మెదడువాపు లక్షణాలతో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. కొందరిలో ఈ వైరస్ బయటపడింది, మరికొందరి విషయంలో కసివింద గింజల విషాన్ని అనుమానించారు. కాబట్టి నింద మొత్తం పందుల మీద వేయడం సరికాదు.

లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి సోకి, చూలు చివరి వారాల్లో గర్భస్రావం చేస్తుంది. బ్రూసెల్లా బాక్టీరియా ముఖ్యంగా జతకట్టినప్పుడు వ్యాపిస్తుంది. ఊరంతటికీ మగ పంది ఒక్కటే అయితే అది పాకడానికి వేరే దారి అక్కర్లేదు. మాయను వట్టి చేతులతో ఎత్తే మనిషికీ బ్రూసెల్లా సోకవచ్చు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ గర్భంలో సోకితే కొన్ని పిల్లలు పైకి బాగానే పుట్టి వైరస్‌ను మందకు పంచుతాయి. పునరుత్పత్తి, శ్వాసకోశ సమస్యలు తెచ్చే పీఆర్‌ఆర్‌ఎస్ వ్యాధి భారతదేశంలో 2013లో మిజోరంలో వెలుగు చూసింది.

రోగం లేకున్నా చూలు దెబ్బతింటుంది. పందికి చెమట దాదాపు పట్టదు. ఎండ దెబ్బకు మగ పంది వీర్యం చెడితే తేరుకోవడానికి ఐదారు వారాలు పడుతుంది. అదే మగ పందిని దాని కూతుళ్లకూ కట్టిస్తే ఈతకు పిల్లలు తగ్గుతాయి. తొలి ఈతలో పిల్లలు తక్కువ. మూడు నుంచి ఐదో ఈత దాకా ఎక్కువ. ఆ తర్వాత చచ్చిపుట్టేవి పెరుగుతాయి. బూజు మొక్కజొన్నలోని జియరాలెనోన్ విషం ఎదకు రాని పిల్ల పందుల్లోనూ యోనిని వాచేలా చేస్తుంది.

పార్వో, లెప్టోస్పైరా టీకాలను కట్టించడానికి ముందే వేయాలి. టీకా చల్లదనం చెడకుండా చేరాలి. బీజాపూర్ నుంచి పామేడుకు చాలాకాలం చర్ల మీదుగా చుట్టి రావలసి వచ్చిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. పార్వో అనుమానం ఉంటే 16 సెంటీమీటర్ల కన్నా చిన్న ఎండు పిండాలను ఐసులో పెట్టి ప్రయోగశాలకు పంపాలి. అంతకన్నా పెద్దవాటిలో ప్రతిరక్షకాలు పుట్టి ఉండే అవకాశం ఉంది కాబట్టి వైరస్ దొరకడం కష్టం.