బందీ లేఖల వంశచరిత్రము

ముక్కు మొగము నెఱుగని ధనికు డొకడు, అపారమగు సొత్తును మనచేత బెట్టుటకై వేగిరపడుచు వ్రాసిన జాబులు నేడు మన సెల్‌ఫోనులకును కంప్యూటరులకును వచ్చుచున్నవి. ఇది యీ కాలపు వింత యని పలువురు తలతురు. కాని దీని వయస్సు రెండు శతాబ్దములు.

ఫ్రాన్సున 1789 నాటి విప్లవమునకు వెఱచి ప్రభువు లనేకులు దేశము విడిచి పాఱిరి. ఆ కల్లోలమే చెఱసాలలలోని వంచకులకు పెట్టుబడి యయ్యెను. తాను పాఱిపోయిన ప్రభువుయొక్క సేవకుడననియు, నగలపెట్టెను దారిలో విడిచితిమనియు, ఇప్పుడు చెఱలో నున్నాననియు, కొంచెము సొమ్ము పంపినచో నా చోటు చూపుదుననియు వారు ధనికులకు వ్రాయుచుండిరి. ఒకప్పుడు ఖైదీయై, పిదప పారిసునందు నేరపరిశోధకు డైన విడాక్ 1836 లో వెలువరించిన గ్రంథమున వీనిని 'జెరూసలేము లేఖ' లనెను. నూఱింట నిరువదింటికి బదులు వచ్చుచుండెనట! రెండు పక్షముల నెఱిగినవా డగుటచే నాతని మాటను త్రోసిపుచ్చలేము.

ఆ శతాబ్దాంతమున ఇదే కథ 'స్పెయినుదేశపు బందీ' యను పేర ఇంగ్లండునకును అమెరికాకును ప్రాకెను. 1980 దశాబ్దమున నైజీరియానుండి తపాలాలో బయలుదేఱి, పిమ్మట ఈమెయిలు నెక్కెను. ఆ దేశపు శిక్షాస్మృతిలోని 419 వ విధినిబట్టి దీనికి 'నాలుగు పందొమ్మిది' యని పేరు. అంతమాత్రమున నైజీరియనులెల్లరు వంచకులనుట యవివేకము. ఫ్రాన్సున బుట్టిన విద్యకు వారిని మూలపురుషులుగా జేయుట యేమి న్యాయము?

మోసపోవువారు నిరక్షరాస్యులును గారు. బ్రెజిలులోని బాంకో నొరోయెస్తె యను బ్యాంకు నున్నతాధికారి యొకడు 1995 మొదలు 1998 వఱకు, అబూజా నగరమున కట్టబోవని విమానాశ్రయమునకై, బ్యాంకు సొమ్ము 24 కోట్ల 20 లక్షల డాలర్లు ధారవోసెను. తనకు ముట్టగల ప్రతిఫలమే యాతని కండ్లు గప్పినది. ప్రధాన వంచకునికి 2005 లో శిక్షపడెను.

ఈ జాబులు ఇంత మోటుగా నుండుటేల? మైక్రోసాఫ్టు పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012 లో దీనికి జక్కని సమాధానము చెప్పెను. అది జల్లెడ. సందేహించువారు మొదటనే రాలిపోవుదురు, నమ్మువారే మిగులుదురు, వంచకునికి శ్రమ తగ్గును. తరువాత మొదట రుసుము, ఆపై పన్ను, ఆపై వకీలు ఖర్చు. ఇచ్చినది పోవునను భయమే మఱల నిప్పించును. ఎవ్వరికిని జెప్పవలదను నిబంధన యుండనే యుండును. ఏలయన, ఇంటిలో ఇల్లాలు ఒక్క ప్రశ్న వేసినను కథ చెడును.

అంత ధనమే యున్నచో, రుసుమును దానినుండియే యేల మినహాయించుకొనరు? ఈ ప్రశ్నను జాబు వ్రాసినవానిని గాక తమ్ము దామే వేసికొనవలెను; బదులు వ్రాసినచో జల్లెడలో నిలిచినట్లే. సొమ్ము పంపినవారు సిగ్గుచే దాచక, వెంటనే బ్యాంకునకును, మనదేశమున 1930 సంఖ్యకును దెలుపవలయును. ఆలస్య మైనకొలది ఆ సొమ్ము చేతులు మాఱుచునే యుండును.