చెవులు కుట్టడం: సుశ్రుతుడి నుంచి కంసాలి దాకా

చెవులు కుట్టడాన్ని ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత శస్త్రకర్మగానే వర్ణించింది. అందులో సూత్రస్థానమనే భాగంలోని 16వ అధ్యాయం ప్రకారం ఆరో నెలలోనో ఏడో నెలలోనో బిడ్డను దాది ఒళ్లో కూర్చోబెట్టి, ఆటవస్తువులతో మరపించాలి. వైద్యుడు ఎడమచేత్తో చెవితమ్మెను లాగి పట్టి, ఎండ వెలుగు కనిపించే పలచని చోట కుడిచేత్తో నిటారుగా పొడుస్తాడు. మగపిల్లలకు ముందు కుడిచెవి, ఆడపిల్లలకు ఎడమచెవి. నెత్తురు బాగా కారినా, నొప్పి ఎక్కువైనా సూది తప్పుచోట దిగినట్టే. ఆపైన దూదివత్తి పెట్టి నూనె వేస్తారు. మూడేసి రోజులకు ఇంకాస్త లావు వత్తి మారుస్తారు. ఎంత నిశితమైన పరిశీలన!

తెలుగునాట ఈ పని కంసాలి చేతికి వచ్చింది. మేనమామ ఒళ్లో బిడ్డ, కంసాలి చేతిలో సన్నని బంగారు తీగ. మేలిమి బంగారం తుప్పు పట్టదు, పుండును రేపదు. ఇటీవల చాలామంది తల్లిదండ్రులు ధనుర్వాతం టీకాలు పడ్డాక ఆసుపత్రిలో, క్రిమిరహితం చేసిన సూదితో కుట్టిస్తున్నారు.