గగన్ మహల్ కమాను ఎవరిది?

పెనుకొండకి మనవాళ్లు బస్సులు మాట్లాడుకుని వస్తారు. బాబయ్య దర్గాలో జియారత్ చేసి, ఫాతిహా చదివి, తబర్రుక్ పట్టుకుని అదే బస్సెక్కుతారు. అదే ఊళ్లో ఉన్న గగన్ మహల్ వైపు తొంగిచూసేవాళ్లు తక్కువ. మొన్న పిల్లల్ని అటు నడిపించాను. మహల్ ముందు నిలబడి మా చిన్నోడు అడిగాడు: "అబ్బా, ఇది మనోళ్లు కట్టిందా, వాళ్లు కట్టిందా?"

సవాల్ వాజిబే. కింద చూస్తే కొసదేలిన కమానులు, మసీదుల్లో మన కళ్లకి అలవాటైనవే. పైన గుడి విమానంలా అంచెలంచెలుగా లేచిన శిఖరం. కట్టించింది విజయనగర రాయలు. 1565లో తళ్లికోట జంగ్‌లో దక్కన్ సుల్తానుల చేతిలో ఓడాక తిరుమలరాయలు వచ్చి చేరింది ఈ పెనుకొండకే. తరాల తరబడి సుల్తానులతో తలపడిన హుకూమత్, తన మహల్‌కి మాత్రం సుల్తానుల కమానే పెట్టుకుంది! హంపీలో లోటస్ మహల్, ఏనుగుల సాల చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. కమాన్, గుంబద్ ఆ రోజుల్లో దర్బారు షాన్. ఏ దర్బారైనా సరే.

బిరుదుల్లోనూ అంతే. 14వ శతాబ్దం నుంచే విజయనగర రాజుల శాసనాల్లో "హిందూరాయ సురత్రాణ" కనిపిస్తుంది. సురత్రాణ అంటే ఎవరో కాదు, సంస్కృతం తొడుక్కున్న మన సుల్తానే.

ఇక లిబాస్ సంగతి. హిందూపురం దగ్గరి లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ పొడవాటి టోపీతో కనిపిస్తాడు. ఆయన పెనుకొండలో రాయల అధికారి. ఆ టోపీని తెలుగులో కుళ్లాయి అన్నారు, దర్బారు అంగీని కబాయి అన్నారు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు డిగ్రీలో తెలుగు క్లాసులో ఈ రెండూ వినగానే నవ్వొచ్చింది. ఫార్సీ కులాహ్, అరబీ ఖబా! కన్నడ రాయల దర్శనం కోసం శ్రీనాథుడంతటివాడు కుళ్లాయి పెట్టుకున్నాడని చాటువు చెబుతుంది.

ఎదురు దారిలో నడిచిన మాటలూ ఉన్నాయి. మనం హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ అనే వలీని ఊరు ఊరంతా "బాబయ్య" అంటుంది. బాబాకి తెలుగు అయ్య అతుక్కున్నాడు. ఉరుసుకి మనతోపాటు హిందువులూ వస్తారు.

చిన్నోడికి ఇదంతా చెప్పలేదు. "రాయలు కట్టించారు, కమాను సుల్తానుల దగ్గర నేర్చుకున్నారు" అన్నాను. "మరి సుల్తానులు వీళ్ల దగ్గరేం నేర్చుకున్నారు?" అన్నాడు. దానికి బీజాపూర్ తీసుకెళ్లాలి.

ఈసారి జియారత్‌కి వస్తే జొహర్ నమాజ్ తర్వాత గంటసేపు ఆగండి. గగన్ మహల్, షేర్ ఖాన్ మసీదు చూసి, వీలైతే లేపాక్షి కూడా వెళ్లండి. అక్కడ తల పైకెత్తి ఆ టోపీలు పిల్లలకి చూపించండి.