చిరునామా

చిరునామాలోని ‘చిరు’ చిన్నదని అర్థమిచ్చే తెలుగు మాట కాదు. ఫారసీలో ‘సర్’ అంటే తల, ‘నామా’ అంటే లేఖ. లేఖ తలకట్టున రాసేది సర్‌నామా. అదే మన నోట సరునామా, చిరునామా అయింది. వీలునామా, రాజీనామాల్లోని ‘నామా’ కూడా ఇదే. కవరు ఎంత గట్టిగా అతికించినా తలకట్టు పైనే కనబడుతుంది. మెసేజింగ్ యాప్‌లలో మెటాడేటా అనేది ఈ తలకట్టే. వాట్సాప్ 2016లో సందేశాలన్నిటికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవారూ అందుకునేవారూ తప్ప మరెవరూ చదవలేని తాళం, తెచ్చింది. ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది మాత్రం ఆ తాళం కిందికి రాదు.

దాచుకోవడానికి ఏముంది అంటారు. కడియం నర్సరీ రైతు ఫోన్‌లో చెప్పిన ధర ఎవరికీ కనబడకపోవచ్చు. కానీ ఏ ఊరి వ్యాపారితో ఏ నెలలో మాటలు పెరిగాయో తెలిస్తే అతని బేరాల గుట్టు సగం బయటపడ్డట్టే. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుగా గుర్తించిన గోప్యత ఈ గుట్టుకూ వర్తించాలి. చిరునామా లేనిదే సందేశం ఎలా చేరుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే చేర్చడానికి చూడటం వేరు, చేర్చాక పోగేసుకోవడం వేరు. 2016లో అమెరికాలో కోర్టు సమన్లకు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కలిసిన తేదీ మాత్రమే. 2018లో, పంపినవారెవరో కవరు మీద కనబడని పద్ధతి కూడా ప్రవేశపెట్టింది.