పాణం మంచిగ లేదు

తెల్లవారుజాము మూడు దాటింది. బెల్లంపల్లిలో ఒక పాత బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో చాప మీద పడుకుని ఉన్నారు మీరు. బల్హార్షా వైపు గూడ్సు పోతోంది. గోడ మేకుకు వేలాడదీసిన ఎక్స్‌రే కవరు ఆ అదురుకు సన్నగా కదులుతోంది. చీకట్లో మంచం కిర్రుమంది. ముందు ఒక చెయ్యి గోడను వెతుక్కుంటుంది, తర్వాత మోకాలు లేస్తుంది, చాలాసేపటికి నడుము లేస్తుంది.

"నిద్ర పట్టలేదా కాకా?"

"యాడి నిద్ర బిడ్డా. నడుము గుంజుతాంది."

లైటు వేస్తారు. ఆయన ఒంటి మీద బనీను లేదు. వీపు మీద వెన్నుపూసకు అటూ ఇటూ నీలి గీతలు. మొదట పచ్చబొట్లనుకుంటారు. కావు. బాయిలో పైకప్పు గీరుకుని తోలు తెగినప్పుడల్లా గాయంలో బొగ్గుపొడి చేరింది, దాని మీద కొత్త తోలు కమ్ముకుంది. బొగ్గు లోపలే ఉండిపోయింది. కాక కోల్ ఫిల్లర్. వంగి చెమ్మస్‌తో, అంటే పారతో, బొగ్గెత్తి తట్టలో పోయడం, తట్ట మోసి టబ్బు నింపడం, ఏళ్ల తరబడి అదే పని. టబ్బుల లెక్కన కూలి కాబట్టి నడుము నొస్తోందని ఆగినవాడికి ఆ పూట గడవదు. తర్వాత యంత్రాలొచ్చి తట్టలు పోయాయి. బెల్లంపల్లిలో బాయిలూ ఒక్కొక్కటే మూతబడ్డాయి. నొప్పి మాత్రం ఇంట్లోనే ఉంది.

చిన్నమ్మ లేచి చాయ్ పెడుతుంది. మోకాళ్లు పట్టుకుని తనూ కుంటుతోంది, ఆ సంగతి ఎవరూ అడగరు. గ్లాసు మీ చేతికిచ్చి గొంతు తగ్గించి చెబుతుంది.

"ఇదివరకు కాంటా చౌరస్తా కాడ దోస్తులతోని చాయ్ తాగంది ఇల్లు చేరకపోయేటోడు. ఇప్పుడు గడప దాటుతలేడు. మనుమడు అచ్చినా మాట్లాడ్తలేడు. సగం బువ్వ ఇడిసిపెడ్తాండు."

కాక గోడకేసి చూస్తూనే అంటాడు: "ఏదీ మంచిగనిపిస్తలేదు. పాణం మంచిగ లేదు."

ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. జ్వరమొస్తే పాణం మంచిగ లేదంటారు ఇక్కడ. బతుకు మీద రోత పుట్టినా పాణం విసిగిందంటారు. ఒళ్లు, మనసు రెండూ ఒకే పాణం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లోనే నొప్పి అంటే శరీరానికి తెలిసేదీ మనసుకు తగిలేదీ కలిసిన అనుభవమని నిర్వచించింది. ఈ వాడలో ఆ ఎరుక మాటలోనే ఉంది. ఆసుపత్రి చీటీల్లోకి మాత్రం రాలేదు.

మూడు నెలలు దాటి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది ముందు నిద్రను తింటుంది. నిద్ర లేని మనిషికి నొప్పి ఇంకా గట్టిగా తెలుస్తుంది. నడవడం మానేస్తే కండరాలు పట్టేస్తాయి, చౌరస్తాకు పోవడం మానేస్తే మనుషులు దూరమవుతారు. మరోపక్క, మెదడు నుంచి వెన్నులోకి దిగి నొప్పిని అణిచే నరాల దారుల్లో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ పనిచేస్తాయి. మన ఉత్సాహం, నిద్ర, ఆకలి కూడా వాటితో ముడిపడినవే. అందుకే డ్యులోక్సెటిన్ లాంటి మందును డిప్రెషన్‌కూ రాస్తారు, కొన్ని రకాల దీర్ఘకాలిక నొప్పులకూ రాస్తారు. నొప్పికీ డిప్రెషన్‌కూ ఉన్న ఈ బంధం రెండు వైపులా నడుస్తుంది. అమెరికా వైద్యుడు మాథ్యూ బెయిర్ బృందం 2003లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, డిప్రెషన్ ఉన్నవారిలో సగటున 65 శాతం మందికి ఏదో ఒక నొప్పి ఉంది.

తెల్లారింది. మీరూ ఆయన వెంట ఆసుపత్రికి వెళ్తారు. వరుసలో గంటసేపు నిలబడ్డాక డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తాడు. ఎక్కడ నొస్తోందని అడిగితే కాక నడుము చూపిస్తాడు. అయిదు నిమిషాల్లో గోలీల చీటీ చేతికొస్తుంది. పాత చీటీలో ఉన్న గోలీలే. రోజూ మింగితే కడుపుకూ కిడ్నీలకూ చేటు చేసేవి. రాత్రి నిద్ర పడుతోందా అని ఎవరూ అడగలేదు. కాక తనంతట తాను చెప్పలేదు.

బయట వేపచెట్టు కింద మీరు మెల్లగా అంటారు, మనసు డాక్టరుకు కూడా చూపిద్దామా అని. ఆయన ముఖం మాడిపోతుంది.

"అంటే నా నొప్పి ఉత్తదేనా బిడ్డా?"

ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పాలి. ఉత్తది కాదు కాకా. నీ నడుము నిజం, ఆ నీలి గీతలు నిజం, ఈ దిగులు కూడా అంతే నిజం. ఒకదానికే మందేస్తే రెండోది దాన్ని మళ్లీ లేపుతుంది. వ్యాయామం, కొద్దికొద్దిగా నడక, కౌన్సెలింగ్, అవసరమైతే డాక్టరు రాసిన మందు, ఇవన్నీ కలిసి నడవాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి కాక, ఇలాంటి చిన్నమ్మ ఉండవచ్చు. 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినబడ్డా ఆలస్యం చేయకండి. ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు ఎక్స్‌రే కవరుతోపాటు ఈ రెండు మాటలు కూడా పట్టుకుపోయి డాక్టరు ముందు పెట్టండి: నిద్ర పడ్తలేదు, ఏదీ మంచిగనిపిస్తలేదు.